వారాల సత్యనారాయణమ్మ

కాలేజీ గుమాస్తా సాంబయ్య మంచివాడే. సత్యనారాయణమ్మకి కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెప్పించి, ఆ తర్వాతే లేదని చెప్పాడు.

“స్కాలర్‌షిప్పు డిగ్రీ పిల్లలకేనమ్మా. బీఏ, బీకాం, బీఎస్సీ. ఫారంలో ఆ మూడు గళ్ళే ఉన్నాయి. మీది సర్టిఫికెట్ కోర్సాయె. మీరు యూనివర్సిటీకి విద్యార్థే గానీ స్కాలర్‌షిప్పుకి విద్యార్థి కారు.”

“ఫీజు కట్టేశానండి. దాని గురించి కాదు. నలభై అయిదు రోజులు ఈ ఊళ్ళో ఉండాలి, తినాలి. అందుకేమన్నా దారి ఉందేమోనని.”

“హాస్టలూ డిగ్రీ పిల్లలకే. అందులోనూ మగపిల్లలకే,” అన్నాడు సాంబయ్య, ఆ రెండో మాట తానే రాసిన రూలైనట్టు నొచ్చుకుంటూ.

అది 1981 అక్టోబరు. ఆ ఏడు యూనివర్సిటీ వాళ్ళు నందిగామ కాలేజీలో శాసనాలు చదవడం నేర్పే కోర్సొకటి పెట్టారు. పాత రాళ్ళ మీది తెలుగు అక్షరాలు గుర్తుపట్టడం, తడి కాగితం అద్ది వాటి నకలు తీయడం, చదవడం. పీయూసీ పాసైతే చాలు, వయసుతో పనిలేదు. పేపర్లో ఆ ప్రకటన చదివిన పూట సత్యనారాయణమ్మ పప్పు మాడబెట్టింది. ఇరవై ఒక్కేళ్ళ కాపురంలో అదే మొదటిసారి.

ఆమె పుట్టిల్లు వత్సవాయి దగ్గర పల్లె. వాళ్ళ దొడ్డి బావి దగ్గర బట్టలుతికే బండ మీద బారులు బారులుగా రాత ఉండేది. చదవడం వచ్చిన కొత్తలో ఆ బండ ముందు గొంతుక్కూర్చుని ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చూసేది. అది తెలుగేనని పెద్దవాళ్ళు అనేవారు. తెలుగైతే తనకెందుకు రావడం లేదో ఆ పిల్లకి తెలిసేది కాదు. ఆమె బెజవాడలో పీయూసీ చదువుతుండగా ఆ బండని తీసి కాలవ మీద తూముకి వేశారు, రాత ఉన్న వైపు కిందికి పెట్టి. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, పెద్దదానికి పెళ్ళి చేసింది. ఇన్నేళ్ళలో పట్టుచీర కావాలని భర్తని అడగలేదు, తీర్థయాత్రలు అడగలేదు. ఇదొక్కటే అడిగింది.

ఆమె భర్త సీతారామాంజనేయులుకి జగ్గయ్యపేటలో చిన్న చిల్లర కొట్టు. బెల్లం, పప్పులు, చింతపండు. కోపిష్టి కాడు, పిసినారి కాడు. విన్నాక కాసేపు తక్కెడ పళ్ళేలు తుడుస్తూ ఉండిపోయాడు.

“డిగ్రీ వస్తుందా?”

“రాదండి.”

“పోనీ ఉద్యోగం?”

“అదీ రాదు.”

“మరెందుకు, సత్యం?”

ఆమె తక్కెడ కింద రాలిన పప్పుబద్దలు ఏరి డబ్బాలో వేసింది. ఆయన గట్టిగా ఊపిరి వదిలి, “వెళ్ళొద్దని నేననను. కానీ అబ్బాయి పాలిటెక్నిక్కు మెస్ బిల్లు నీకు తెలుసు. రెండో మెస్ బిల్లు నావల్ల కాదు,” అన్నాడు.

అది నిజమే. రోజూ వెళ్ళి రావాలంటే చిల్లకల్లు దాకా పోయి హైవే బస్సు పట్టుకోవాలి. క్లాసు ఉదయం ఏడింటికి. చార్జీలు చూసుకుంటే ఆమె దాచుకున్నది పది రోజులకి రాదు. బ్యాంకుకి వెళ్ళింది. అక్కడి ఆఫీసరు కుర్రాడు పకపకా నవ్వి, “గేదెకి లోనుందండి. కుట్టుమిషనుకుంది. పచ్చళ్ళు పెడతానంటే దానికీ ఉంది. చదువుకుంటానంటే మటుకు లేదు. గేదెని కొనండి, దాని పేరు చెప్పి మీరు చదువుకోండి,” అన్నాడు. ఆమె కూడా నవ్వి బయటికి వచ్చింది. ఎండలోకి వచ్చాక ఆ నవ్వు నిలవలేదు.

ఇక మిగిలింది వర్తక సంఘం. దాని పెద్ద అచ్చయ్యగారు, మిర్చి వ్యాపారి. ఆమె కొడుక్కి సంఘం సాయం చేస్తూనే ఉంది, ఎందుకంటే వాళ్ళ జాబితాలో పాలిటెక్నిక్కు ఉంది. ఘాటుకి తుమ్ముకుంటూ ఆ కొట్లో నిలబడి ఆమె సంఘం పాత నిబంధనల పుస్తకం ఓసారి చూపించమంది. అచ్చయ్యగారు ఆశ్చర్యపోయినా బీరువాలోంచి తీయించాడు. ముత్యాల్లాంటి దస్తూరీ. ఆమె నిలబడే చదివి ఒకచోట ఆగింది.

“సంఘీయుల కుటుంబములలో విద్య నభ్యసించు వారికి నందిగామ సత్రమున బసయు, ఆ యూరి సంఘీయుల యిండ్ల వారములును ఏర్పాటు చేయవలెను.” పైకి చదివి, “ఏ విద్యో రాయలేదండి. డిగ్రీ అని అసలే లేదు,” అంది.

“అది నలభై ఏళ్ళనాటిదమ్మా. ఇప్పుడు వారాలు చేసుకునేదెవరు?”

“కొట్టేయలేదుగా?”

“కొట్టేయలేదు,” ఒప్పుకున్నాడాయన. “కానీ వారాలు మగపిల్లలకి.”

“మగపిల్లలకని కూడా రాయలేదండి.”

అచ్చయ్యగారు కళ్ళజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. “ఆడవాళ్ళు అడుగుతారని వాళ్ళకి తోచి ఉండదమ్మా, అందుకని రాయలేదు.” పుస్తకం ముందుకి లాక్కుని తనూ ఓసారి చదువుకున్నాడు. “సరే. రాసింది రాసినట్టు చెయ్యడమే నా పని. నందిగామకి ఉత్తరం రాస్తా.”

వారమంటే వారానికొక ఇల్లు కాదు, రోజుకొక ఇల్లు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం మరొకరింట్లో. పేదపిల్లలు అలా తిని చదువుకున్న రోజులుండేవి. సత్యనారాయణమ్మ పుట్టింటికి కూడా బుధవారం బుధవారం ఒక కుర్రాడొచ్చేవాడు. అమ్మ పదిన్నరకే అరుగు మీద విస్తరి వేసేది. వాడు కుడిచేత్తో తింటూ ఎడమచేత్తో పేజీలు తిప్పుకునేవాడు. వాణ్ణి ఎవరూ పలకరించేవాళ్ళు కాదు. పావుగంటలో విస్తరి తీసి పారేసి, చేయి కడుక్కుని వెళ్ళిపోయేవాడు.

ఆమె ఆడపడుచు బాలామణి భర్త పోయాక వీళ్ళింట్లోనే ఉంటోంది. నలభై అయిదు రోజులు వంట తనమీద పడుతుందని తెలిసినప్పటినుంచీ గరిటెతో పాటు నోరూ తిప్పింది.

“కొడుకు మెస్సులో తింటాడు, తల్లి వారాలు చేసుకుంటుంది. ఇక నేనూ మా తమ్ముడూ గుళ్ళో ప్రసాదానికి వరసలో నిలబడితే సరి.”

“పులిహోర పెట్టే రోజు చూసుకుని వెళ్ళండి వదినా,” అంది సత్యనారాయణమ్మ.

“నలుగురూ నన్నడిగితే ఏం చెప్పమంటావు?” అన్నాడు సీతారామాంజనేయులు మంచం మీంచి.

“మా ఆవిడ చదువుకోవడానికి వెళ్ళిందని చెప్పండి.”

“నమ్మరు,” అన్నాడాయన.

సత్రంలో ఆమెకి దొరికింది రోడ్డు వైపు గది. గోడకి మేకులు, మూలన చాప. లోపల పొయ్యి వెలిగించకూడదని తలుపు మీద ఎర్రరంగుతో రాసి ఉంది. ఆ గదిలో మొదటిరోజు తెల్లవారుజామునే లేచి జడ వేసుకుంటుంటే బెజవాడ హాస్టలు గుర్తొచ్చి చేతులు ఆగాయి. ఏడింటి క్లాసుకి ఆరున్నరకే వెళ్ళింది.

క్లాసులో పద్దెనిమిది మంది. చెప్పేది స్తెఫను మాస్టారు. యాభై దాటిన మనిషి, చొక్కా జేబు మీద ఎప్పుడూ సిరా మరక. ఉదయం ఏడు నుంచి పదిన్నర దాకా అక్షరాలు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా వెనక షెడ్డులో రాళ్ళ మీద పని. మూడో రోజుకే ఆయన బోర్డు మీద వేసిన రాతలో ఒక మాట ఆమెకి దానంతటదే చదవవచ్చింది. ‘చెఱువు’. బోర్డు మీద ఉన్నవన్నీ మసకగా ఉండి, ఆ ఒక్క మాటా ఎవరో దీపం పట్టుకున్నట్టు కనబడింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరున్నారు?

చిక్కు అన్నం దగ్గర వచ్చింది.

మొదటి సోమవారం పదకొండింటికల్లా ఆ ఇంటి గడప దగ్గర నిలబడి, “నాకో విస్తరి అరుగు మీద వేసేస్తే తిని వెళ్ళిపోతానండి,” అంది.

“అయ్యయ్యో, అరుగు మీదా! లోపలికి రండి వదినగారూ. మీరేమన్నా వారాల పిల్లాడా!” అంది ఆ ఇల్లాలు.

వారాల పిల్లాణ్ణే, అనాలనుకుంది సత్యనారాయణమ్మ. కాళ్ళకి నీళ్ళిచ్చారు. పీట వేశారు. ఎవరి తాలూకు, ఎవరి కోడలు, అల్లుడేం చేస్తాడు. ముత్తైదువ ఇంటికొస్తే మగవాళ్ళు తినకుండా ఆమెకి ముందు పెట్టడం ఏ ఇంట్లోనూ లేదు. మగవాళ్ళు కొట్లు కట్టేసి ఒంటిగంటకి వస్తారు. వాళ్ళు తిని లేచాక పిల్లలు. ఆ తర్వాత ఇంటి ఆడవాళ్ళతో పాటు ఆమె. అందరూ కూర్చునేసరికి రెండు. తిన్నాక తాంబూలం, జాకెట్టు గుడ్డ. బొట్టు పెట్టి సాగనంపేసరికి మూడు.

ఏ ఇంట్లోనూ లోటు చేయలేదు. అదే బాధ. రెండు వారాలకి ఆమె గదిలో మేకుకి తగిలించిన సంచి నిండా జాకెట్టు గుడ్డలు చేరాయి. మధ్యాహ్నం క్లాసులు ఏడు పోయాయి. ఒకరోజు తినకుండానే షెడ్డుకి వెళ్ళిపోతే, ఆ ఇంటి అత్తగారు కాలేజీ గేటు దాకా మనిషిని పంపించింది, తమవల్ల ఏం తప్పు జరిగిందో కనుక్కు రమ్మని. అందరి ముందూ లేచి వెళ్ళాల్సి వచ్చింది.

“చూడండమ్మా,” అన్నాడు స్తెఫను మాస్టారు, హాజరు పట్టీ చూపిస్తూ. “మధ్యాహ్నం పూటలు పది దాటి పోతే పరీక్షకి కూర్చోనివ్వరు. నా చేతుల్లో లేదది. మా కుర్రాళ్ళు ఆకలేసి క్లాసు ఎగ్గొడతారు, మీరేంటి, తిని ఎగ్గొడుతున్నారు!”

“నన్నెవరూ విద్యార్థిలాగా తిననివ్వడం లేదండి,” అంది సత్యనారాయణమ్మ. ఆయనకి ఆ మాట పూర్తిగా అర్థమైందో లేదో, పట్టీ మూసి, “రండి, కాగితం తడుపుదాం,” అన్నాడు.

అప్పటినుంచీ ఆమె ధ్యాసంతా ఒక్కదాని మీదే. గచ్చు అరుగు, చివర చిరిగిన విస్తరాకు, పక్కన తెరిచి పెట్టిన పుస్తకం. తనని ఎవరూ చూడకూడదు, పలకరించకూడదు. ఆ బుధవారం కుర్రాణ్ణి చూసి చిన్నప్పుడు పాపం అనుకునేది. ఇప్పుడు వాడి మీద అసూయ కలిగింది.

నాలుగో వారానికి పదీ అయిపోయాయి. ఆ గురువారం మాస్టారు అందరినీ వ్యానులో మునేటి ఒడ్డున ఉన్న ఒక పాత గుడికి తీసుకెళ్తానన్నాడు. నిజం శాసనం, ఇంకా ఎవరూ పూర్తిగా చదవనిది. వ్యాను కాలేజీ గేటు దగ్గర ఒకటిన్నరకి బయల్దేరుతుంది. హాజరు వ్యానులోనే వేస్తారు. అది తప్పితే పరీక్ష లేదు, కోర్సే లేదు.

గురువారం ఇల్లు రత్నమణిది. ముప్ఫై ఏళ్ళ పిల్ల, అందరిలోకీ ఆప్యాయంగా పెట్టేది ఆమే. సత్యనారాయణమ్మ సోమవారమే వెళ్ళి చెప్పుకుంది.

“పన్నెండింటికల్లా పెట్టేస్తానక్కయ్యా. నా పూచీ,” అంది రత్నమణి. “మావాళ్ళని ఆ ఒక్కపూటా ఆగమంటా. ఆగకేం చేస్తారు?”

మాట నిలబెట్టుకుంది కూడా. గురువారం పన్నెండుంబావుకి హాల్లో వరసగా అయిదు విస్తళ్ళు వేసి ఉన్నాయి. చదువుకునే అక్కయ్యని చూపిద్దామని ఇరుగుపొరుగు ఆడవాళ్ళని ముగ్గుర్ని పిలిచింది. మొదటి విస్తరి ముందు రత్నమణి అత్తగారు, డెబ్భై ఏళ్ళావిడ. గోంగూర పచ్చడి, పక్కన ఉల్లిపాయ, ముద్దపప్పు, గుత్తివంకాయ, బొబ్బట్లు. రత్నమణి భర్తా మరిదీ కొట్టు నుంచి వచ్చి, తమకంటే ముందు పడ్డ విస్తళ్ళని చూసి వీధరుగు మీద కూర్చున్నారు.

పెద్దావిడకి పళ్ళు లేవు. ప్రతి ముద్దనీ మెత్తగా పిసికి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. వరసలో పెద్దవాళ్ళు చేయి కడగకుండా ఎవరూ లేవరు. పన్నెండూ ముప్పావుకి పప్పు. ఒంటిగంటకి కూర. సత్యనారాయణమ్మ విస్తరి ఖాళీ అయిపోయింది. గోడ గడియారం తన ఎదురుగానే ఉంది. ఒకటీ పదికి పెద్దావిడ చారు పోయించుకుని, “చిన్నప్పుడు మా ఊళ్ళోనూ ఉండేదమ్మా ఓ రాయి,” అని మొదలుపెట్టింది.

ఆ రాయి గురించి వినాలని సత్యనారాయణమ్మకి ఎంతగానో అనిపించింది. ఒకటీ పద్దెనిమిదికి చేతులు జోడించలేక, ఎంగిలి చేయి ఒళ్ళో పెట్టుకుని, “అమ్మగారూ, మన్నించండి,” అని లేచి నిలబడింది.

చారు జుర్రుతున్న చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. రత్నమణి పెరుగు గిన్నెతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

“పెరుగైనా వేసుకోకుండానా అక్కయ్యా?”

ఆమె తల వంచుకుని దొడ్లోకి వెళ్ళి చేయి కడుక్కుంది. వీధిలో పరుగెత్తడం పద్దెనిమిదో ఏట మానేసింది. ఆ వేళ కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగెత్తింది. వ్యాను కదలబోతోంది. స్తెఫను మాస్టారు మెట్టు మీదే నిలబడి, “ఎక్కండి, ఎక్కండి,” అని చేయందించాడు.

రాయి గుడి వెనక తంగేడు పొదల్లో ఒరిగి ఉంది. నీళ్ళతో కడిగారు, తడి కాగితం పరిచి బ్రష్షుతో మెల్లగా కొట్టారు, కాగితం అక్షరాల గుంటల్లోకి దిగింది. సిరా అద్దుతుంటే నల్లటి మడిలో తెల్లగా వరసలు లేచాయి. మాస్టారు ఒక్కొక్కరికీ ఒక్కో వరస ఇచ్చాడు. మూడోది ఆమెకి. కూడబలుక్కుంటూ చదివింది. అఖండదీపానికి నేతి కోసం ఇరవై అయిదు గొర్రెలు ఇచ్చిన సంగతి. ఇచ్చింది ఆడమనిషి. ఫలానా సెట్టి కోడలు అనేదాకా వచ్చి, అక్కడ రాయి పెచ్చు ఊడిపోయింది. పేరు లేదు.

“పోయినచోటు వదిలేసి ముందుకి చదవండమ్మా,” అన్నాడు మాస్టారు.

చదివింది. కానీ అందరూ టీ తాగుతుంటే మళ్ళీ రాయి దగ్గరికి వచ్చి ఆ పెచ్చులో వేలు పెట్టి చూసింది. అక్షరం మీది గుడి లాంటి వంపు తగిలినట్టే ఉంది, తగలనట్టే ఉంది. ఎంతసేపు తడిమినా అంతకుమించి రాలేదు. చివరికి ఎవరో హారన్ కొట్టి పిలిచారు.

మర్నాడు శుక్రవారపు వారం ఇంటివాళ్ళు గడపలోనే, “ఇవాళ మాకు వీలుకాదమ్మా,” అన్నారు. ఆ సాయంత్రం ఆమె రత్నమణి ఇంటికి వెళ్ళింది. ఆ పిల్ల లోపలికి రమ్మనలేదు. తలుపు పట్టుకుని నిలబడే అంది.

“నీకోసం మా మగవాళ్ళని ఆపాను అక్కయ్యా.”

“తెలుసు రత్నమణీ.”

“మా అత్తగారు ఆ పూట మరి తినలేదు.”

వ్యాను తప్పితే అన్నీ పోయేవని చెప్పవచ్చు. అది ఆ గుమ్మంలో చాలా చిన్న మాట అయిపోతుందని సత్యనారాయణమ్మకి తోచింది. శనివారం వారమున్న ఇంటికి అసలు వెళ్ళనేలేదు. రెండు రోజులూ అరటిపళ్ళు తిని పడుకుంది.

ఆదివారం పొద్దున్నే సీతారామాంజనేయులు వచ్చాడు. భుజం మీద గోనెసంచి. దాన్ని దించి, గదంతా ఓసారి చూసి, చాప మీద కూర్చున్నాడు.

“పంక్తిలోంచి లేచావట.”

“లేచాను.”

“పెద్దావిడ తింటుండగా.”

“తింటుండగానే.”

“ఊళ్ళో అందరూ అడిగారు. అచ్చయ్యగారైతే పుస్తకం పట్టుకునే కొట్టుకొచ్చాడు. ఇళ్ళవాళ్ళు ఇక పెట్టబోమంటే ఆయన పెట్టించలేడట. కానీ బస తీసేయాలని అందులో ఎక్కడా లేదట. గది నీదే.” మేకుకి వేలాడుతున్న సంచి వైపు చూశాడు. “ఇంకెన్నాళ్ళుంది?”

“పదిహేడు రోజులు.”

ఆయన సంచి మూతి విప్పాడు. అటుకులు, వేయించిన శనగపప్పు, తడిగుడ్డలో చుట్టిన నిమ్మకాయలు, కొట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి బెల్లం. అడుగున సీసాలో ఆవకాయ.

“పొయ్యి వెలిగించకూడదన్నారుగా. వీటికి అక్కర్లేదు. ఆవకాయ మా అక్క పెట్టింది. తిడుతూనే పెట్టిందనుకో.” నవ్వబోయి మానేశాడు. “నాకు తెలిసిన సాయం ఇదే, సత్యం. మెస్ బిల్లు కట్టలేను గానీ కొట్లోవి ఇవ్వగలను. ఇది నాకు ముందే తోచి ఉండాల్సింది. నువ్వూ అడగలేదు.”

అడగలేదు. కాలేజీనీ, బ్యాంకునీ, సంఘాన్నీ అడిగింది, నలభై ఏళ్ళనాటి నిబంధన వెతికి తీసింది. పొయ్యి లేకుండా ఏం తినవచ్చో కొట్టు నడిపే మనిషిని మటుకు అడగలేదు. అడిగితే, ఇంటి ఆడదాని పూట భోజనం అటుకులేంటని ఆయన నొచ్చుకునేవాడని అనుకుంది. ఆయన, వారాలంటే ఇళ్ళల్లో వేడివేడిగా పెడతారుగా అనుకున్నాడు. బస్సు వేళైందని ఆయన లేచాడు. ఆమె బస్టాండు దాకా వెళ్ళింది.

సోమవారం పదకొండింటికి అటుకులు నీళ్ళలో తడిపి, బెల్లం చిదిమి కలుపుకుంది. ఇంకొంచెం వేసుకోండి అనేవాళ్ళు లేరు. అయిదు నిమిషాల్లో అయిపోయింది. రెండింటికి ఇంకా మూడు గంటలుంది. అంత పొద్దుని ఏం చేసుకోవాలో ముందు తెలియలేదు. పుస్తకం తెరిచి మూడు వరసలు రాసుకుంది, కొట్టేసి మళ్ళీ రాసుకుంది. మంగళవారం నాటికి చేయి తిరిగింది. బుధవారం షెడ్డు తాళం తీసేది ఆమే అయింది.

గురువారం పన్నెండింటికి మెడికల్ షాపులో అమృతాంజనం కొనుక్కుందామని బయల్దేరి, చూసుకునేసరికి రత్నమణి వాళ్ళ వీధి మలుపులో ఉంది. ఏ ఇంట్లోంచో పోపు వాసన వచ్చింది. ఎండుమిరపకాయ, ఇంగువ. నోట్లో నీళ్ళూరాయి. ఆ పెద్దావిడ ఊళ్ళో రాయి ఎక్కడుండేదో, దాని మీద ఎన్ని వరసలుండేవో, చారు తాగుతూ ఆ మిగతా కథ ఎలా చెప్పి ఉండేదో. ఇక ఆమెని అడగడానికి లేదు. మలుపు దాటకుండా కాసేపు నిలబడి వెనక్కి తిరిగింది.

రెండింటికి స్తెఫను మాస్టారు షెడ్డులో హాజరు పట్టీ తీశాడు. పేరు సగం పలక్కముందే, “ఉన్నానండి,” అంది సత్యనారాయణమ్మ.